సోడా డబ్బా ఎక్కడ పెట్టాలి?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ, అటు ఎస్సార్ నగర్, ఇటు బల్కంపేట దాకా ఉన్న గల్లీల్లో ఏ హాస్టల్లో దిగినా రెండు మాటలు తప్పకుండా చెవిన పడతాయి. ఒకటి, ఇప్పుడు ఫలానా కోర్సుకే గిరాకీ అని. రెండోది, ఇక్కడి అన్నంలో సోడా కలుపుతారని. జావా తరం పోయి పైథాన్ తరం వచ్చినా మొదటి మాటలో కోర్సు పేరు మారిందేమో గానీ, రెండో మాట మాత్రం అక్షరం మారలేదు. మధ్యాహ్నం తిన్నది సాయంత్రం దాకా అరక్కపోతే నేరం సోడా మీదికే పోతుంది.

హాస్టళ్ల వాళ్లను వెనకేసుకు రావడం నా పని కాదు. కానీ ఈ అనుమానానికి రసాయన శాస్త్రం అంత తేలిగ్గా తల ఊపదు. బియ్యంలో ఉండే ఫ్లేవనాయిడ్లకు సోడా లాంటి క్షారం తగిలితే పసుపు రంగు తిరుగుతుంది. మెతుకు విచ్చిపోతుంది. నోట్లో సబ్బు వాసన తగులుతుంది. అన్నం తెల్లగా, పొడిపొడిగా ఉందంటే అందులో చెప్పుకోదగ్గంత సోడా పడలేదనే లెక్క. పప్పు సంగతి అలా కాదు. చాలా వంటిళ్లలో సోడా పడే అవకాశం ఉన్న గిన్నె అదే.

దానికి కారణం మన కాళ్ల కింద ఉంది. హైదరాబాద్ గ్రానైట్ రాతి మీద కట్టుకున్న ఊరు. జలమండలి నల్లా నీళ్లు చాలని చోట బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు దిక్కు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కందిపప్పు బద్దలో కణాన్ని కణానికి అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. కాల్షియం వెళ్లి ఆ పెక్టిన్‌ను ఇంకా గట్టిగా బిగిస్తుంది. ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు పలుకుగానే ఉంటుంది. అప్పుడు వంటమనిషి చిటికెడు సోడా వేస్తాడు. కొంత కాల్షియం కార్బనేట్‌గా మారి అడుగుకు దిగుతుంది, క్షారం పెక్టిన్‌ను తెంపుతుంది, పప్పు వెన్నలా నలుగుతుంది. వంద మందికి వండే చోట గ్యాస్ మిగులుతుంది, గంట మిగులుతుంది. ఆశపడటంలో వింతేమీ లేదు.

ఆ గంటకు కట్టే ధర బీ1 విటమిన్, అంటే థయమిన్. క్షారంలో ఉడికితే అది నిలవదు. పప్పులూ కూరగాయలూ వండేటప్పుడు వంట సోడా వాడొద్దని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ తన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ సంస్థ ఈ మాట చెప్పడానికి వెనక పెద్ద కథే ఉంది. 1918లో కూనూర్‌లో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి ఎంక్వైరీ యూనిట్టే దాని మొదటి రూపం. బెరిబెరి అంటే బీ1 లోపంతో నరాలనూ గుండెనూ కుంగదీసే జబ్బు. మిల్లు బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాలు ఒకప్పుడు ఆ జబ్బుకు పేరుపడ్డాయి. సంస్థ 1958లో హైదరాబాద్ వచ్చింది. ఈ రోజు మనం తినే పాలిష్ బియ్యంలో బీ1 చాలావరకు తవుడుతోనే పోతుంది. మిగిలిన పెద్ద ఆధారాల్లో పప్పు ఒకటి. దాన్నీ సోడాతో ఉడికిస్తే రెండో తలుపు కూడా మూసినట్టే. పప్పు ముందే నానేసి, బోరు నీళ్లు కాకుండా తాగే నీళ్లతో కుక్కర్లో పెడితే సోడా అవసరం రాదు.

అలాగని వంటింట్లోంచి సోడాను వెళ్లగొట్టనక్కర్లేదు. మిరపకాయ బజ్జీ, మైసూర్ బజ్జీ, బేకరీ కేకు దాని పుణ్యమే. చేతికి అంటుకున్నా, పిసరు నాలుక మీద పడినా ఏమీ చేయని సాధు పదార్థం అది. దాని పేరుతో జరిగే అనర్థాల్లో చాలావాటికి మూలం డబ్బా పెట్టిన చోటూ, దాని పక్కన పెట్టిన వస్తువూ.

ముందు చోటు సంగతి. సోడియం బైకార్బనేట్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతికి బెల్జియం వాడైన ఎర్నెస్ట్ సాల్వే 1861లో రూపమిచ్చాడు. గుజరాత్ తీరంలో, మిఠాపూర్‌లో 1939లో పుట్టిన టాటా కెమికల్స్ కర్మాగారంలో సోడా తయారీకి దారి అదే. ఉప్పు నీళ్లలోకి అమోనియా, కార్బన్ డయాక్సైడ్ పంపిస్తే బైకార్బనేట్ తెల్లటి పొడిగా దిగుతుంది. దాన్ని బాగా కాలిస్తే నీటి ఆవిరీ, కార్బన్ డయాక్సైడూ వదిలేసి సోడియం కార్బనేట్ అవుతుంది. అంటే మనం బట్టలకు వాడే సోడా. వంద గ్రాములు కాలిస్తే మిగిలేది 63 గ్రాములే.

కర్మాగారంలో కావాలని చేసే ఈ పని వంటింట్లో అనుకోకుండా జరుగుతూ ఉంటుంది. 50 డిగ్రీలు దాటితే చాలు, బైకార్బనేట్ మెల్లగా విరగడం మొదలవుతుంది. వంద దాటితే జోరందుకుంటుంది. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అమీర్‌పేట హాస్టళ్లలో కొన్నింటికి వంటిల్లు పై అంతస్తులో, నేరుగా స్లాబు కింద, రేకుల కింద ఉంటుంది. అందులో రెండు పెద్ద పొయ్యిలు రోజంతా వెలుగుతుంటే, పొయ్యి పైన చేతికందే అరలో ఉప్పు పక్కన పెట్టిన సోడా పొట్లానికి ఆ వేడి ఎంత తగులుతుందో ఊహించుకోవచ్చు. పైగా కింద గిన్నెలోంచి లేచే ఆవిరి. తేమ తగిలితే విరగడం ఇంకా సులువు. వానాకాలంలో గడ్డకట్టిన సోడాను నలిపి వాడేస్తుంటాం గానీ, ఆ గడ్డలో కొంత భాగం అప్పటికే కార్బనేట్ అయి ఉండొచ్చు. అలాంటి సోడా వేస్తే బజ్జీ పొంగదు సరికదా, సబ్బు రుచి వస్తుంది. పొంగలేదని ఇంకో అర చెంచా వేస్తారు. రుచి మరింత చెడుతుంది. వంటమనిషిని తిడతారు.

ఈ మార్పు ఇంకో చోట రోజూ కంటికి కనిపిస్తుంది. బోరు నీళ్లు మరిగించిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొర, గీజర్ కాయిల్‌కు పట్టే గార. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విరిగి కార్బనేట్ అయితేనే ఆ పొర. పక్కనున్న సోడా పొట్లంలో అదే తంతు కనపడకుండా సాగుతుంది.

కాబట్టి డబ్బా పొయ్యికీ, కిటికీ ఎండకీ, సింకు తడికీ దూరంగా, కింది అరలో ఉండాలి. గాజు సీసా గానీ, స్టీలు డబ్బా గానీ, మందపాటి ప్లాస్టిక్ డబ్బా గానీ ఏదైనా ఫరవాలేదు, మూత బిగుతుగా ఉంటే చాలు. పొడి సోడా మూత కింద గ్యాస్ పట్టి పేలిపోతుందని భయపడనక్కర్లేదు. అల్యూమినియం మాత్రం వద్దు. మనం సిల్వర్ గిన్నెలని పిలుచుకునే వాటికి పైన సన్నని ఆక్సైడ్ పొర కాపలా. క్షారం ఆ పొరను తినేస్తుంది, గిన్నె నల్లబడుతుంది. తడి చెంచా డబ్బాలో పెట్టకూడదు. బేకింగ్ పౌడర్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అందులో బైకార్బనేట్‌తో పాటు పొడి ఆమ్లం కూడా కలిపే ఉంటుంది గనుక తడి తగిలిన మరుక్షణం రెండూ డబ్బాలోనే కలబడి చల్లారిపోతాయి. వాసనలు పోవాలని ఫ్రిజ్‌లో మూత తీసి ఉంచిన సోడాను మళ్లీ పిండిలో వేయకూడదని వేరే చెప్పాలా?

ఇక పక్కన ఉండే వస్తువు. మనకు మూడు సోడాలున్నాయి. తినే సోడా. బట్టల సోడా, దాన్నే చాకలి సోడా అంటాం. కాస్టిక్ సోడా, అంటే డ్రైనేజీ పైపులు జామ్ అయితే పోసేది. మొదటిదాన్ని నీళ్లలో కలిపితే పీహెచ్ 8.3 దగ్గర ఉంటుంది. రెండోది 11 దాటుతుంది. మూడోది చిక్కటి ద్రావణమైతే 14 దగ్గరికి పోతుంది. పీహెచ్ లెక్కలో ఒక్క అంకె పెరిగితే క్షార గుణం పది రెట్లు. అంటే మొదటిదానికీ రెండోదానికీ తేడా వందల రెట్లలో ఉంటుంది. రెండోది కంట్లో పడితే తీవ్రమైన మంట. మూడోది చర్మాన్నీ అన్నవాహికనూ కరిగించేస్తుంది, చూపే పోవచ్చు.

కిరాణా కొట్లో మొదటి రెండూ ఒకే రకం తెల్ల పొట్లంలో, ఒకే రకం దారం కట్టి వస్తాయి. ఇంటికొచ్చాక ఏది ఏదో పోల్చడానికి మన దగ్గరున్న చిట్కాల్లో ఒక్కటీ పనిచేయదు. నిమ్మరసం పిండితే రెండూ బుసబుసా పొంగుతాయి. తడి పసుపులో కలిపితే రెండూ ఎర్రబారతాయి. పారాణి కోసం పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపు లాంటిదే ఇదీ, పసుపులోని కుర్కుమిన్ క్షారానికి రంగు మారుస్తుంది. బట్టల సోడాతో ఎరుపు ఇంకాస్త ముదురుగా రావచ్చు గానీ, పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప కంటికి ఆనదు. నిమ్మచుక్క పరీక్షతో పొంగే గుణం ఉందో లేదో తెలుస్తుందే తప్ప అది ఏ సోడానో తెలియదు. రుచి చూసి తేల్చుకుందామనే ఆలోచన అసలే వద్దు. కాస్టిక్ సోడా పెళుసు పలుకుల్లా, గాలిలోని తేమకే చెమ్మబారుతూ ఉంటుంది. నీళ్లలో వేస్తే నీళ్లు వేడెక్కుతాయి. దాన్ని పోల్చుకోవడం తేలికే గానీ, నీళ్లలో కలిపి పాత మంచినీళ్ల సీసాలో పోసి పెట్టారా, ఇక మామూలు నీళ్లకూ దానికీ తేడా కనపడదు.

అందుకే కంపెనీ ప్యాకెట్ కొనడం మేలు. తినే సోడా ప్యాకెట్ మీద ఐఎన్‌ఎస్ 500 అని, పక్కన బ్రాకెట్లో రోమన్ అంకె రెండు ఉంటుంది. బ్రాకెట్లో ఒకటి ఉంటే అది కార్బనేట్. కొంతమంది ప్యాకెట్ చించి సోడాను అందమైన డబ్బాలో పోసి, పేరూ తేదీ ఉన్న కవరును చెత్తబుట్టలో వేస్తారు. ఆ కవరు ముక్కనే కత్తిరించి డబ్బాకు అంటిస్తే సరిపోయేది. హాస్టళ్లకూ, మెస్సులకూ, టిఫిన్ సెంటర్లకూ ఇది మంచి సలహా మాత్రమే కాదు. శుభ్రం చేసే రసాయనాలను తిండి సామాన్లకు దూరంగా, పేరు స్పష్టంగా రాసిన డబ్బాల్లో ఉంచాలని 2011 నాటి ఆహార భద్రతా లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూలు చెబుతుంది. ఇరుకు వంటింట్లో సింకు కింద ఫినాయిలూ, బాత్‌రూమ్ యాసిడ్డూ, బట్టల సోడా, వాటి మధ్య తినే సోడా కొలువుదీరడం ఆ నిబంధనకు ఎంత దూరమో చెప్పక్కర్లేదు.

పొరపాటు జరిగిపోతే ఏం చేయాలి? తినే సోడా కంట్లో పడితే ధారగా నీళ్లతో కడిగితే సర్దుకుంటుంది. బట్టల సోడా, కాస్టిక్ సోడా పడితే 15 నిమిషాలకు తగ్గకుండా కడుగుతూనే ఉండాలి, ఆ తర్వాత డాక్టర్ చూడాల్సిందే. కాస్టిక్ మింగిన మనిషికి వాంతి చేయించకూడదు. పోయేటప్పుడు కాల్చిన గొంతును అది వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. క్షారానికి విరుగుడని నిమ్మరసం, వెనిగర్ తాగించకూడదు. నీళ్లతో నోరు పుక్కిలింపజేసి, ఉమ్మించి, 108కి ఫోన్ చేయాలి. మింగిన పదార్థం ఉన్న పొట్లమో సీసానో ఆసుపత్రికి పట్టుకెళ్లాలి.

తెల్ల పొడుల గందరగోళానికి ఇంకో కోణం ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. సాయంత్రమైతే అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల కింద, సందుల మొదట్లో బజ్జీల బండ్ల మీద నూనె కాగుతూ ఉంటుంది. మూకుడులో నూనెకు మంట అంటుకుంటే సోడా చల్లాలని చాలామందికి తెలుసు. మాట నిజమే. వేడికి సోడాలోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, పొడి కూడా మంటను అడ్డుకుంటుంది. కొన్ని రకాల అగ్నిమాపక సిలిండర్లలో ఉండే పొడి ఇదే బైకార్బనేట్. కానీ కంగారులో చేతికందిన తెల్లటి డబ్బాలో ఉన్నది మైదా అయితే? కార్న్‌ఫ్లోర్ అయితే? పిండి గాలిలో చెదిరి మంటలో పడితే ప్రతి రేణువూ అంటుకుని ఒక్కసారిగా భగ్గుమంటుంది. బేకింగ్ పౌడర్ కూడా పనికిరాదు, అందులో స్టార్చ్ ఉంటుంది. కాబట్టి మొదట పొయ్యి కట్టేసి, మూకుడు మీద పెద్ద మూత బోర్లించడమే దారి. మంట చిన్నదై, డబ్బా మీద పేరు ఉండి, అది సోడాయేనని నూటికి నూరుపాళ్లు తెలిస్తే గుప్పిళ్లతో చల్లొచ్చు. నీళ్లు మాత్రం ఎప్పటికీ వద్దు.

వంటింటి అవతల సోడా అక్కరకొచ్చే చోటు అమీర్‌పేటలో ఇంకొకటుంది. కోచింగ్ సెంటర్లలో, హాస్టళ్లలో మెట్ల కింద వరుసగా ఇన్వర్టర్ బ్యాటరీలుంటాయి. వాటిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం. అది నేల మీద ఒలికితే సోడా చల్లి విరిచేయొచ్చు. 98 గ్రాముల ఆమ్లానికి 168 గ్రాముల సోడా కావాలి, ఆ కలయికలో 48 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువైన ఆ వాయువు మెట్ల కింద ఇరుకు అరలో నేలబారుగా నిలుస్తుంది. అందుకని తలుపులు తెరిచి, కళ్లద్దాలూ గ్లవుజులూ వేసుకుని, అంచుల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా చల్లాలి. ఒక్కసారి కుమ్మరిస్తే నురగతో పాటు ఆమ్లమూ చిందుతుంది. పొంగు ఆగిందంటే ఆమ్లం విరిగిందని గుర్తు. బ్యాటరీ లోపల మాత్రం సోడా పడకూడదు, పడితే ఆ బ్యాటరీ పాడైనట్టే. ఆమ్లం ఒంటి మీద పడితే సోడా వెతుకుతూ కూర్చోకూడదు. వెంటనే ధారగా నీళ్లు పోయాలి.

ఫోన్లలో తిరిగే వీడియోల పుణ్యమా అని సోడా, వెనిగర్ కలిపి సింకులో పోయడం ఇప్పుడొక వేడుక అయింది. నురగ చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకున్నాక మిగిలేది సోడియం ఎసిటేట్ కరిగిన నీళ్లు. విడివిడిగా వాడితే రెండూ శుభ్రం చేస్తాయి, కలిపితే రెండూ చేయవు. ఇందులో ప్రమాదం కూడా ఉంది. తర్వాత వాడుకుందామని ఆ మిశ్రమాన్ని సీసాలో పోసి మూత బిగిస్తే లోపల పుట్టే గ్యాస్‌కు సీసా పగలొచ్చు.

అదే గ్యాస్ కడుపులో పుడితే? ఒక టీ చెంచా, అంటే దాదాపు 5 గ్రాముల సోడా నుంచి, ఆమ్లం సరిపడా ఉంటే ఒకటిన్నర లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పెళ్లి భోజనమో బిర్యానీయో గొంతు దాకా తిని, మంట తగ్గాలని చెంచాడు సోడా నీళ్లలో కలిపి తాగే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. నిండిన కడుపులో ఇంత వాయువు ఒక్కసారిగా పుట్టి కడుపు గోడ చిరిగిపోయిన ఘటనలు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి. ఇవి అరుదే. అయినా మందుగా పనికొచ్చే మోతాదును వంటింటి చెంచా కొలవలేదు.

పంజాగుట్ట చౌరస్తా దాటి నిమ్స్ ఆసుపత్రి వైపు వెళితే ఇదే బైకార్బనేట్ పూర్తిగా వేరే హోదాలో కనిపిస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ల రక్తంలో ఆమ్లం పేరుకుపోతుంది. దాన్ని సరిచేయడానికి డాక్టర్లు బైకార్బనేట్ మాత్రలు రాస్తారు, డయాలిసిస్ ద్రవంలోనూ అదే ముఖ్యమైన భాగం. డయాలిసిస్ యూనిట్లలో దాన్ని దాచే తీరు చూస్తే సోడా స్వభావమంతా అర్థమవుతుంది. కాల్షియం, మెగ్నీషియం ఉన్న ఆమ్ల ద్రవం ఒక డబ్బాలో, బైకార్బనేట్ ఇంకో డబ్బాలో ఉంటాయి. యంత్రం దగ్గరికి వచ్చేదాకా రెండూ కలవవు. చిక్కగా ఉండగానే కలిస్తే బోరు నీళ్ల గిన్నెలో గార కట్టినట్టే కార్బనేట్లు అడుగుకు దిగుతాయి. నీళ్లలో కలిపిన బైకార్బనేట్‌ను మర్నాటికి దాచరు. నిలవుంటే కార్బన్ డయాక్సైడ్ పోయి క్షారం పెరుగుతుంది, సూక్ష్మజీవులకూ అది నచ్చిన చోటే.

మాత్రలో ఉన్నది అదే కదా అని ఇంట్లో సోడా తాగేవాళ్లకు ఒక లెక్క చెప్పాలి. సోడా బరువులో 27 శాతానికి పైగా సోడియమే. 5 గ్రాములు తాగితే సుమారు 1.4 గ్రాముల సోడియం లోపలికి పోతుంది. పెద్దవాళ్లకు రోజుకు 2 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. బీపీ, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఆ చెంచా ఉప్పు తిన్నట్టే పనిచేస్తుంది, నాలుకకు మాత్రం ఉప్పగా అనిపించదు. పసిపిల్లలకు కడుపు ఉబ్బరమని సోడా నీళ్లు పట్టడం ఇంకా ప్రమాదం. చిన్న ఒంట్లో రక్తం క్షారంవైపు ఒరగడానికి ఎంతో అక్కర్లేదు.

ఇక ఇంట్లో ఇప్పుడున్న పాత పొట్లం మాటేమిటి? అది తినే సోడాయేనని తెలిసి ఉంటే, చెంచాడు తీసి నిమ్మరసం పిండి చూడండి. గడ్డకట్టకుండా పొడిగా ఉండి, బుస్సుమని పొంగితే పిండిలో వేసుకోవచ్చు. సణుగుతూ నాలుగు బుడగలు వస్తే వంటకు వద్దు, టీ మరకలు పట్టిన కప్పులు తోమడానికి, సింకు రుద్దడానికి అది ఇంకా బాగానే పనికొస్తుంది. సిల్వర్ గిన్నెలకు మాత్రం తగలనీయొద్దు. ఏ సోడానో తెలియని పొట్లమైతే పరీక్షలేమీ పెట్టుకోకుండా, గ్లవుజులు వేసుకుని, బకెట్ నిండా చల్లటి నీళ్లు పట్టి, అందులో కొద్దికొద్దిగా కలిపి డ్రైనేజీలో పారబోయండి. కొత్త ప్యాకెట్ కొనేటప్పుడు చిన్నది కొనండి. ఇంట్లో వాడకానికి వంద గ్రాములు నెలలు వస్తాయి.